లేరని చెప్పమన్న గొంతు

శుక్రవారం, మధ్యాహ్నం

అన్నయ్యా,

"ప్రియమైన" అని రాసి కొట్టేశాను. గీత కింద కనిపిస్తూనే ఉంటుంది, చూసుకో. అన్నయ్యా అన్నది మాత్రం నేను కొట్టేసినా పోయేది కాదు కాబట్టి ఉంచాను.

నోటితో చెప్పకుండా ఈ ఉత్తరం ఎందుకంటావేమో. ఫోనులో నువ్వు నన్ను నాలుగు మాటలు మాట్లాడనివ్వలేదు. ఇంట్లో మాట్లాడదామంటే నాన్న పెట్టిన నియమం ఉండనే ఉంది, ఆఫీసు సంగతులు చెప్పులతో పాటు గుమ్మం బయటే వదిలి రావాలని. ముప్పై ఏళ్లు శాసనసభలో కూర్చుని సభ్యులు మాట్లాడిన ప్రతి ముక్కనూ షార్ట్‌హ్యాండులో రాసుకున్న మనిషి, ఇంట్లో అందులో ఒక్క ముక్క కూడా చెప్పలేదు. మనమూ అలాగే పెరిగాం. నువ్వు మునిసిపల్ కమిషనరువనీ, కోర్టు కాగితాలు మోసే అమీనాను నేననీ ఆ ఇంట్లో కుర్చీలకు కూడా తెలియదు. అందుకే కాగితం పట్టుకున్నాను.

బుధవారం నేను నీ ఆఫీసు మెట్లెక్కేసరికి పదీ పది. మీ గోడ గడియారమూ చూశాను, నా చేతి గడియారమూ చూసుకున్నాను. మా ఉద్యోగంలో మొదట నేర్పేది అదే, గుమ్మం దాటగానే టైము రాసుకోమని. నా సంచీలో స్టే ఆర్డరు ఉంది. బస్సు డిపో వెనక వీధిలో ఉన్న పదకొండు కొట్లను కూల్చవద్దని, విచారణ అయ్యేదాకా ఒక్క ఇటుక కూడా కదపవద్దని జడ్జిగారు సంతకం పెట్టిన ఆర్డరు. కేసు వేసింది బైండింగు తాత. ఆయన నీకు కొత్త కాదు. స్కూల్లో నువ్వు చింపిన పుస్తకాలన్నీ ఆయన కుట్టినవే.

బయలుదేరేటప్పుడు మా నాజరుగారు, అంటే అమీనాలందరికీ పనులు పంచే పెద్దాయన, నవ్వుతూ అన్నారు. "మీ అన్నయ్య ఆఫీసేగా అమ్మా! కుర్చీ వేసి, టీ ఇచ్చి మరీ తీసుకుంటారు." కుర్చీ లేదు, కాళ్లు సరిగా ఆనని బల్ల ఒకటి చూపించారు. టీ మాత్రం నిజంగానే ఇచ్చారు.

మీ తపాలా గుమస్తా కాగితం మీద కోర్టు సీలు చూశాడు. తొణకలేదు, బెణకలేదు. సొరుగు మూసి, తాళం వేసి, తాళంచెవి చొక్కా జేబులో వేసుకున్నాడు. అప్పుడు తలెత్తి, "అందినట్టు ముద్ర వెయ్యాలి కదమ్మా, ముద్ర సొరుగులో ఉండిపోయింది. తాళం సూపర్నెంటు గారి దగ్గరుంది. ఆయన ఇప్పుడే బయటికెళ్లారు" అన్నాడు. తాళంచెవి జేబులో పడటం నేను చూశానని అతనికి తెలుసు. అబద్ధం చెప్పినందుకు కాదు, అంత తీరిగ్గా చెప్పినందుకు నాకు ఒళ్లు మండింది. ఇది ఆ రోజు పుట్టిన తెలివి కాదు. కోర్టు కాగితం వస్తే సొరుగుకు తాళం పడటం మీ ఆఫీసులో ఎప్పటినుంచో ఉన్న పద్ధతి. పక్క బల్ల దగ్గరున్నావిడ తల కూడా ఎత్తలేదు.

కమిషనరుగారికే నేరుగా ఇస్తానని నీ గది వైపు నడిచాను. అటెండరు అడ్డం వచ్చి, ఒక్క నిమిషం అని లోపలికెళ్లాడు. నీ గదికి సగం తలుపు, పైన ఆకుపచ్చ కర్టెను. ఆ కర్టెనుకు జానెడు దూరంలో నిలబడి ఉండగా విన్నాను.

"లేరని చెప్పు."

మెల్లగానే అన్నావు. అయినా అది నాకు ఎక్కాలు అప్పజెప్పించుకున్న గొంతు. నేను చెరువులో పడ్డప్పుడు ఊరంతా వినేలా అరిచిన గొంతు. వెయ్యి మందిలో ఉన్నా పోల్చుకుంటాను. పైగా నీ గురించి నువ్వే ఎంత మర్యాదగా "లేరు" అనుకున్నావో! అంత కోపంలోనూ నవ్వొచ్చింది, వెంటనే ఏడుపూ వచ్చింది. అటెండరు బయటికొచ్చి, పాపం, నా మొహం చూడలేక నా చెప్పుల వైపు చూస్తూ "అయ్యగారు లేరమ్మా" అన్నాడు.

బల్ల మీద కూర్చున్నాను. పదకొండయ్యేసరికి ఆ వీధిలో సైకిళ్లు బాగుచేసే అతను పరుగెత్తుకుంటూ వచ్చాడు. ఒళ్లంతా సున్నం దుమ్ము. "అమ్మా, ఆర్డరొచ్చిందన్నారు, ఏదీ? బుల్‌డోజరొచ్చేసింది. మూడు కొట్లు పోయాయి" అన్నాడు. నా చేతిలో కాగితం చూసి, "అదేనా? అది తీసుకొచ్చి చూపించండి, ఆగుతాడు" అన్నాడు. ఆర్డరు కమిషనరు పేరు మీద ఉంది, డ్రైవరుకు చూపిస్తే "మా ఆఫీసు చెప్పాలి" అంటాడు. అందుకని, "ముందు ఇక్కడ ముద్ర పడాలండీ" అన్నాను. అతను నన్ను చూసిన చూపు నీకు రాయలేను. ముద్ర గురించి మాట్లాడిన నా నోరంటే నాకే అసహ్యం వేసింది.

పన్నెండూ నలభైకి తాళంచెవి దొరికింది. ముద్ర పడింది. పక్కన టైము కూడా ముద్దుగా వేశారు. నేను ఆ వీధికి వెళ్లేసరికి తాత ఇటుకల మీద కూర్చుని ఉన్నాడు. కాగితాలు కోసే మిషను గోడ కింద పడి వంగిపోయింది. అట్టలు, దారం ఉండలు, ఎవరివో సగం కుట్టిన పుస్తకాలు మట్టిలో ఉన్నాయి.

ఇదంతా ఒక ఎత్తు, ఆ సాయంత్రం నువ్వు చేసిన ఫోను ఒక ఎత్తు. "పన్నెండూ నలభైకి వచ్చానని రాయి, అంతే. ముద్ర మీదా అదే ఉంది. నీకూ గొడవ లేదు, నాకూ గొడవ లేదు" అన్నావు. కూరగాయలు తెమ్మన్నట్టు అన్నావు.

నీకు చదువు చెప్పేంత దాన్ని కాదు. అయినా అడుగుతాను. కూల్చే ముందు ఆ కొట్టున్న మనిషి మాట వినాలని శాసనసభ చట్టం రాసింది. నువ్వు వినలేదు. వినలేదు కాబట్టి కోర్టు ఆపమంది. నువ్వు కర్టెను వెనక దాక్కున్నావు. రాసేవాళ్లు వేరు, చేసేవాళ్లు వేరు, ఆపేవాళ్లు వేరు అని ఎందుకు పెట్టుకున్నారు? అన్నీ ఒకరి చేతిలోనే ఉంటే బైండింగు తాతలాంటివాడు ఎవరి దగ్గరికీ పోలేడనే కదా. మీ దగ్గర బుల్‌డోజర్లున్నాయి, వెనక పోలీసులున్నారు. కోర్టు దగ్గర ఏముంది అన్నయ్యా? ఒక కాగితం, ఒక సీలు, దాన్ని మోసుకెళ్లడానికి నేను. నన్ను బల్ల మీద రెండున్నర గంటలు కూర్చోబెడితే కోర్టు కూర్చున్నట్టే. అది తెలిసే కూర్చోబెట్టారు.

సోమవారం నా రిపోర్టు జడ్జిగారికి ఇవ్వాలి. పదీ పది అని రాస్తాను. సొరుగు సంగతి రాస్తాను. లోపలి నుంచి వచ్చిన గొంతు మా అన్నయ్యదని కూడా రాస్తాను. దాని వల్ల నువ్వు జైలుకు పోవచ్చని నాజరుగారు చెప్పారు. తెలిసే రాస్తాను.

నీ చెల్లెలు

•

శనివారం

పిడుగూ,

నీ ఉత్తరం మీ వదిన తెచ్చి ఇచ్చింది. మూడుసార్లు చదివాను. బాగా రాశావు. నాన్న చెయ్యి వచ్చింది నీకు, ఒక్క దగ్గు కూడా వదలకుండా రాసుకునే చెయ్యి.

ఇప్పుడు నాది విను. ఆ కొట్ల వెనక మురుగుకాలువ ఉంది, తెలుసా? నాలుగేళ్లుగా దాన్ని వెడల్పు చేద్దామంటే ఎవరో ఒకరు కోర్టుకు పోతారు, స్టే వస్తుంది. వాన పడితే నడుం లోతు నీళ్లలో పిల్లల్ని భుజాల మీద మోసుకుంటూ జనం నన్ను తిడతారు. మీ జడ్జిగారిని తిట్టరు. ఆయన ఎక్కడుంటారో కూడా వాళ్లకు తెలియదు. ఆపడం తేలిక. ఆపినవాడు పొద్దున్నే ఆ నీళ్లలో నడవక్కర్లేదు. మంత్రి ఫోను చేసి బుధవారం మధ్యాహ్నానికి స్థలం ఖాళీగా కనిపించాలి, లేకపోతే నువ్వు కనిపించవు అన్నాడు. నేను కూల్చాను. తాత మాట వినాల్సింది, వినలేదు. ఒప్పుకుంటున్నాను. విని ఉంటే ఆయన ఒప్పుకునేవాడు కాదు, అప్పుడు ఇంకో నాలుగేళ్లు.

నువ్వొచ్చావని అటెండరు చెప్పకముందే తెలుసు. సగం తలుపు కింద నీ చెప్పులు కనిపించాయి. ఆ మాట అన్నాక అవి బల్ల వైపు మళ్లేదాకా కుర్చీలోనే కూర్చుని చూశాను. నమ్మితే నమ్ము.

కానీ అమ్మలూ, నువ్వు బుధవారం పదీ పది నుంచే ఎందుకు మొదలుపెట్టావు? నీ ఉత్తరం అందాక కోర్టులో ఆర్డరు నకలు చూపించమన్నాను. సంతకం పడింది మంగళవారం సాయంత్రం నాలుగింటికి. పావు తక్కువ ఐదుకు నీ చేతికిచ్చినట్టు మీ రిజిస్టరులోనే ఉంది. మంగళవారం సాయంత్రం ఆరున్నరకు మనమిద్దరం ఎక్కడున్నాం? అమ్మ దగ్గర. నీ సంచీ మేకుకు వేలాడుతోంది. నేను దాని కిందే కూర్చుని భోంచేశాను. నువ్వు నా ఎదురుగా కూర్చుని నీళ్లందించావు. నాకివ్వాల్సిన ఆర్డరు నా తల మీద మూరెడు ఎత్తులో ఉంది. నువ్వు నోరు విప్పలేదు.

ఆ పూట నా చేతిలో పెట్టి ఉంటే నాకు సొరుగూ లేదు, కర్టెనూ లేదు, అటెండరూ లేడు. అమ్మ ముందు "లేరని చెప్పు" అనగలనా? బుల్‌డోజరును అక్కడి నుంచే ఆపేవాణ్ని, మంత్రికి కోర్టు కాగితం చూపించి తప్పించుకునేవాణ్ని. నిజానికి అలాంటి కాగితం ఒకటి వస్తే బాగుండునని ఆ రోజంతా అనుకున్నాను.

నేనూ చెప్పలేదు. పొద్దున పదిన్నరకు యంత్రం బయలుదేరుతుందని నాకు తెలుసు. ఇద్దరం బుద్ధిమంతుల్లా నాన్న నియమం పాటించాం. వాతావరణం గురించి మాట్లాడుకున్నాం.

నువ్వు పన్నెండూ నలభై అని రాయొద్దు. అడిగినందుకు సిగ్గుపడుతున్నాను. కానీ రాస్తే మొత్తం రాయి. మంగళవారం సాయంత్రం నుంచి రాయి. ఆ ధైర్యం ఉందేమో చూస్తాను.

అన్నయ్య

•

అన్నయ్యా,

ఈ ఉత్తరం నీకంటే ముందు జైలు ఆఫీసులో ఎవరో చదువుతారట. చదవనీ. దాచాల్సినదంతా కోర్టులో చెప్పేసి వచ్చాం కదా.

నీ ఉత్తరం చదివి ఆ రాత్రంతా నిన్ను తిట్టుకున్నాను. నోటికొచ్చినట్టు తిట్టుకున్నాను. అన్యాయంగా మాట్లాడి ఉంటే అంత కోపం వచ్చేది కాదు. ఆదివారం కూర్చుని రిపోర్టు మొదటి నుంచి రాశాను. పావు తక్కువ ఐదుకు ఆర్డరు అందింది. ఆరున్నరకు కమిషనరు నాకు ఎదురుగా ఉన్నారు, ఇవ్వలేదు. ఈ రెండు వాక్యాలు రాయడానికి పట్టినంత సేపు మిగతా నాలుగు పేజీలకు పట్టలేదు.

విచారణ రోజు నువ్వు నా వైపు చూడలేదు కాబట్టి నేను చూసింది చెబుతాను. మీ ప్రభుత్వ ప్లీడరు అఫిడవిట్టు చదివాడు. ఆర్డరు పన్నెండూ నలభైకి అందిందని, అందిన మరుక్షణం పనులు ఆపేశామని. ఆపడానికి అప్పటికి అక్కడ ఏం మిగిలిందో అతను చెప్పలేదు. సంతకం మీదేనా అని జడ్జిగారు అడిగారు. "సంతకం నాదేనండీ. టైము నాది కాదు. ఆవిడ పదీ పదికి వచ్చారు. లేరని చెప్పమన్నది నేనే" అన్నావు. ప్లీడరు నీ కోటు పట్టుకుని లాగడం హాలంతా చూసింది. నువ్వు ఆ మాట అంటావని నేననుకోలేదు. నా కోపం సగం అక్కడే పోవాలి, న్యాయంగా అయితే. పోలేదు. పది రోజుల ముందు ఆ మాట అనడానికి నీకేం రోగం అనిపించింది.

తరవాత నన్ను పిలిచారు.

"ఆర్డరులో తక్షణమే అందజేయాలని రాశాను. ఆఫీసు వేళల్లో అని రాశానా?"

"లేదండీ."

"మనిషి ఎక్కడ కనిపిస్తే అక్కడ ఇవ్వొచ్చని మీ రూల్సులో ఉంది. ఆఫీసులోనే ఇవ్వాలని ఎక్కడైనా ఉందా?"

"లేదండీ."

"మరి ఎక్కడుందమ్మా ఆ రూలు?"

"మా ఇంట్లో ఉందండీ."

అందరూ నవ్వారు. జడ్జిగారు నవ్వలేదు. నీకు పదిహేను రోజులు, కొట్లన్నీ రెండు నెలల్లో తిరిగి కట్టాలని మీ ఆఫీసుకు ఆజ్ఞ, నా మీద విచారణ, అదయ్యేదాకా సస్పెన్షను. మా నాజరుగారు సంచీ వెనక్కి తీసుకుంటూ, "నిన్నే పంపడం నా తప్పు" అన్నారు. ఆయన తప్పేమీ లేదు.

ఇంటికెళ్లి నాన్నకు అంతా చెప్పాను. భోజనాల దగ్గర కూర్చుని, అమ్మ వింటుండగా, మంగళవారం నుంచి మొదలుపెట్టి చెప్పాను. నాన్న మధ్యలో ఆపుతారనుకున్నాను. ఆపలేదు. విన్నాక కంచం పక్కకు నెట్టేశారు. అంత కోపం ఆయనలో నేనెప్పుడూ చూడలేదు.

"నేనెందుకు పెట్టానే ఆ నియమం? మంత్రుల మనుషులు ఇంటికొచ్చేవాళ్లు. అచ్చుకు పోకముందు మా వాడన్న మాట కాస్త మార్చండి అని మీ అమ్మను బతిమాలేవాళ్లు. సభలో అన్న మాట మన వంటింట్లో మారకూడదని గుమ్మం దగ్గర గీత గీశాను. ఒక మనిషి గోడ పడిపోతుంటే ఇద్దరు గుడ్లగూబల్లా కూర్చుని అన్నం తినమని గీశానా?"

కూల్చే ముందు మాట వినాలన్న ఆ చట్టం వచ్చిన రోజు తను సభలో ఉన్నానని మొదటిసారి చెప్పారు. ముందుగా పెట్టిన ముసాయిదాలో "వీలైతే" ఆ మనిషి మాట వినాలి అని ఉందట. ఆ ఒక్క ముక్క తీసేయించడానికి ఒక సభ్యురాలు రెండు రోజులు మాట్లాడిందట. తన పెన్సిళ్లు అయిపోతే పక్కవాళ్లవి అడుక్కుని రాసుకున్నారట. వచ్చే సమావేశాల్లో ఆ ముక్కను తిరిగి పెట్టడానికి మీ మంత్రి సవరణ తెస్తున్నాడని పేపర్లో వచ్చింది. కోర్టు కొట్టింది కాబట్టి చట్టాన్నే మార్చేస్తాడట. చట్టం రాసే చోట కూర్చునేదీ అతనే, నీకు ఫోను చేసేదీ అతనే. నాన్న ఆ పేపరు మడిచి జేబులో పెట్టుకుని, పాత సభ్యుల ఇళ్లు వెతుక్కుంటూ తిరుగుతున్నారు. ఈ వయసులో ఎండలో వద్దంటే నా మీదే కేకలేస్తున్నారు.

కొట్ల సంగతి అడుగుతావు, నాకు తెలుసు. ఫైలు నడుస్తోందట. నీ కుర్చీలోకి వచ్చినాయన ఇంకా పరిశీలించాలట. మొన్న తాత దగ్గరికి వెళ్లాను. కూలిన చోటే టార్పాలిను పట్టా కప్పుకుని, నాలుగు ఇటుకల మీద చెక్క వేసుకుని చేత్తో కుడుతున్నాడు. మిషను లేదు కాబట్టి అంచులు కత్తితో కోస్తున్నాడు, వంకర పోతున్నాయి. గెలిచారు కదా తాతా అన్నాను. ఆయన సంచీలోంచి తీర్పు కాపీ తీసి చూపించాడు. "గెలిచానమ్మా, మంచి కాగితమే. పటం కట్టించి పెట్టుకుందామంటే గోడ ఏదీ?" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. ఆ నవ్వుకు నా కడుపు మండిపోయింది. నీ మీద, మంత్రి మీద, ఆ సొరుగు గుమస్తా మీద, అందరికంటే ఎక్కువ నా మీద.

ఎందుకో చెబుతాను. తాత ఆ రోజు కోర్టుకు రాలేదు. సామాను ఎవరైనా ఎత్తుకుపోతారని ఇటుకల దగ్గరే కాపలా ఉండిపోయాడు. ఆయన తరఫు ప్లీడరు గుమస్తా మీరు గెలిచారని మాత్రం చెప్పాడు, మిగతా కథ చెప్పలేదు. నన్ను చూడగానే ఉన్న ఒక్క స్టూలూ నాకే వేశాడు. పక్కన సైకిళ్లతన్ని పిలిచి, "ఈ తల్లి చూడు, మన కోసం సొంత అన్నను కూడా వదల్లేదు" అన్నాడు. ఆ వీధిలో ఎదురైన ప్రతివాళ్లకూ అదే చెప్పాడు. ఒకావిడ నాకు దణ్ణం పెట్టింది. నేను ఆ స్టూలు మీద కూర్చుని తల ఊపుతూ విన్నాను. జడ్జిగారి ముందు నాలుగు ముక్కల్లో ఒప్పుకున్నదాన్ని, ఆయన ముందు నోరు పెగల్లేదు. ఆ ఆర్డరు ఒక సాయంత్రమంతా మా ఇంట్లో మేకుకు వేలాడిందని చెప్పలేకపోయాను. మంచినీళ్లు తాగి వచ్చేశాను. నీ కర్టెను వెనక ఎలా ఉంటుందో నాకిప్పుడు తెలిసింది.

శనివారం ఉదయం తొమ్మిదికి నిన్ను వదులుతారు. గేటు దగ్గర నేనుంటాను. వదినను, అమ్మను రావద్దన్నాను. అక్కడి నుంచి ఇంటికి వెళ్లొద్దు, స్నానం కూడా వద్దు, నేరుగా ఆ వీధికి పోదాం. నీ మొహం చూడనని తాత ముందే చెప్పాడు. చూడకపోయినా నిలబడి నీది నువ్వు చెప్పు. నువ్వు ముగించాక నాది నేను చెబుతాను. ఆ తరవాత ఆయన ఆ స్టూలు నా కింద నుంచి లాగేసినా సరే.

ప్రియమైన అన్నయ్యా, ఆలస్యం చెయ్యకు.

నీ చెల్లెలు